విధేయతయు సత్యాన్వేషణమును

దరఖాస్తు అను మాట వినగానే మనకు తోచునది యాచన. ఉద్యోగమునకు దరఖాస్తు, అప్పునకు దరఖాస్తు, సెలవునకు దరఖాస్తు: వీని యన్నిటియందును అడుగువానికి తాను కోరునదేదో తెలియును, ఇచ్చువానికి తానిచ్చునదేదో తెలియును. కాని లోకమున మఱియొక విధమైన దరఖాస్తు కలదు. అందు అడుగువాడు, "నాకీ విషయము తెలియదు, తెలిసికొనుటకు ఒక సంవత్సరము కాలము దయచేయుడు" అని కోరును. తన యజ్ఞానమును స్పష్టముగా కాగితముపై వ్రాసి, క్రింద చేవ్రాలు చేసి, పెద్దల యెదుట నుంచుటకు కొంత ధైర్యము కావలెను. విశ్వవిద్యాలయములలో ఇట్టి దరఖాస్తు వింత కాదు. ఆజ్ఞకు మాఱు పలుకరాదని నేర్పెడు సైనికవిద్యాలయమున ఇరువదేండ్ల విద్యార్థి దానిని వ్రాయుట మాత్రము వింతయే. ఆ వింతను గూర్చి చదువరులతో కొంత ముచ్చటింపదలచితిమి.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మేరీలాండునందు అనాపొలిస్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట సెవర్ను నదీతీరమున, ఒక పాత కోటలో, 1845వ సంవత్సరమున, నాటి నౌకాశాఖామంత్రియు చరిత్రకారుడునగు జార్జి బాన్‌క్రాఫ్టు నౌకాదళాధికారులను తయారుచేయు విద్యాలయము నొకదానిని నెలకొల్పెను. అందు నాలుగేండ్ల చదువు. విద్యకు రుసుము లేదు. దానికి బదులుగా పట్టము పొందినవారు కనీసము ఐదేండ్లు దళమున కొలువు చేయవలెను. అచ్చటి విద్యార్థి యెప్పుడు నిద్ర లేవవలెనో, ఏ దుస్తులు ధరింపవలెనో, ఎట్లు నడువవలెనో, పై తరగతివాడు ప్రశ్నించినపుడు ఎట్లు బదులు పలుకవలెనో, అన్నియు ముందుగనే నిర్ణయింపబడి యుండును.

అట్టిచోట 1963లో పరిశోధక విద్యార్థుల పథక మొకటి యారంభమైనది. దానికి 'ట్రైడెంటు' అని పేరు. ట్రైడెంటనగా రోమనుల సముద్రదేవతయైన నెప్ట్యూను చేతనుండు మూడుమొనల యాయుధము. మన మాటలో త్రిశూలము. ఆ విద్యాలయపు ముద్రికపై నున్న లాటిను వాక్యమునకు జ్ఞానమునుండియే త్రిశూలమని యర్థము. చదువు లేనిదే సముద్రముపై బలము లేదని దాని భావము. మూడవయేట చదువుచున్న వారిలో పై వరుసలోనివారు ఈ పథకమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. విద్యార్థి తానొక ప్రశ్న నెన్నుకొనవలెను. దానియందు ప్రవేశముగల యొక యాచార్యుని ఆశ్రయింపవలెను. ఆ ప్రశ్నపై పూర్వులేమి చేసిరో, తానేమి చేయదలచెనో, ఏ పద్ధతిని, ఎంత కాలములో చేయునో వివరించి వ్రాయవలెను. పెద్దల సంఘ మొకటి దానిని పరీక్షించి కొలదిమందిని మాత్రమే యెన్నుకొనును. ఎన్నుకొనబడినవానికి నాలుగవయేట తరగతుల భారము కొంత తగ్గింతురు. ఆ కాలమంతయు నతడు తన ప్రశ్నతో గడపి, సంవత్సరాంతమున వ్రాతమూలకముగను సభాముఖమునను ఫలితమును తెలుపవలెను.

ఇంతవఱకు వృత్తాంతము. ఇక ప్రశ్న. ఆజ్ఞను పాలింతునని ప్రమాణము చేసినవాడు సందేహించుటకు అనుమతి నడుగవచ్చునా? సైనికునికి విధేయత ప్రాణము. పరిశోధకునికి సందేహము ప్రాణము. ఒక్క శరీరమున రెండు ప్రాణము లిముడునా?

ఇముడవను పక్షమునకు గల బలమును మేము తక్కువ చేయము. ఓడ నిప్పంటుకొన్నపుడు నీటిగొట్టము నందుకొనుమని ఆజ్ఞయైన నావికుడు, అగ్నిస్వభావమును విచారింపబూనినచో, వానితోపాటు తక్కినవారును మునుగుదురు. అందఱి ప్రాణములు ఒక్కమాటపై ఆధారపడియున్న చోట ఆ మాట తక్షణము చెల్లవలెను. సందేహము మంచిదే, కాని అది తీరికగల మనుజుని సొత్తని యీ పక్షమువారందురు. ఈ పక్షము నాలోచించునపుడు ఆ విద్యాలయముననే చదివిన యొకని కథ మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఆల్బర్టు మైకెల్సను 1852లో, నాడు ప్రష్యా యేలుబడిలోనుండి నేడు పోలండులో చేరియున్న స్ట్రెల్నో అను నూర, ఒక యూదు కుటుంబమున జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులు వానిని అమెరికాకు దెచ్చిరి. తండ్రి పడమటి దేశపు గనులయూళ్లలో చిల్లర వర్తకుడు. 1869లో ఆ బాలుడు నౌకావిద్యాలయ ప్రవేశమునకు ప్రయత్నింపగా స్థానము మఱియొకనికి దక్కెను. అతడు నిరాశ చెందక రాజధానికి ప్రయాణమై పోయి అధ్యక్షుడగు గ్రాంటును దర్శించెను. అధ్యక్షుడు స్వయముగ నీయదగిన పది స్థానములును అప్పటికే నిండియుండెను. తుదకు పదునొకండవ స్థానమొకటి కల్పింపబడి మైకెల్సను విద్యాలయమున చేరగలిగెను. నియమము కొంచెము వంగినందువలననే ఆ నియమశాలకు అంతటివాడు లభించెను.

1873లో అతడు పట్టము పొందెను. శాస్త్రములలో నతనికి మంచి పేరు. ఓడ నడపు విద్యలలో అంతంత మాత్రము. అప్పటి విద్యాలయాధిపతి యతనిని బిలిచి, ఈ శాస్త్రపువిషయములపై శ్రద్ధ తగ్గించి ఫిరంగివిద్యపై నిలిపినచో నెన్నటికైన దేశమునకు కొంత యుపయోగపడుదువని మందలించెనని చెప్పుకొందురు. ఆ పెద్దమనుష్యుడు మూర్ఖుడు కాడు. ఆయన కప్పగింపబడిన పని ఓడలకు అధికారులను సిద్ధముచేయుట. ఆ పనికి కావలసినదానినే ఆయన యడిగెను.

రెండేండ్లకు మైకెల్సను ఆ విద్యాలయమునకే పదార్థవిజ్ఞాన బోధకుడై తిరిగివచ్చెను. తరగతిలో వెలుతురు వేగమును కొలుచు విధమును చూపవలసివచ్చినపుడు, పూర్వుల పద్ధతికంటె మేలైన పద్ధతి యొకటి యతనికి స్ఫురించెను. తిరుగుచున్న అద్దముమీదనుండి వెలుతురు కిరణమును దూరముననున్న మఱియొక అద్దమునకు పంపవలెను. అది పోయి వచ్చులోపల మొదటి అద్దము కొంచెము తిరిగియుండును గనుక, కిరణము బయలుదేరినచోట గాక కొంచెము ప్రక్కగా పడును. ఆ జరుగుబాటును కొలిచినచో వేగము తెలియును. తొలి ప్రయత్నమునకు కావలసిన అద్దము పది డాలర్లతో సిద్ధమయ్యెను. తరువాతి పరికరములకు మామగారు రెండువేల డాలర్లిచ్చిరి. 1879 వేసవిలో, విద్యాలయపు టొడ్డుగోడ వెంబడి, ఇంచుమించు రెండువేల అడుగుల దూరమున అద్దముల నమర్చి, అతడు నూరుమార్లు కొలిచి సెకనుకు రమారమి 2,99,900 కిలోమీటర్లని తేల్చెను. 1983లో అంతర్జాతీయముగ స్థిరపఱుపబడిన విలువ 2,99,792.458 కిలోమీటర్లు. మైకెల్సను తప్పిన తప్పు వేయింట నొకపాలు కూడ లేదు.

వెలుతురు వేగమును కొలువుమని అతనికి ఏ యధికారియు ఆజ్ఞ యీయలేదు. ఆనాటి ఏ యుద్ధనౌకకును ఆ సంఖ్యతో పని లేదు. అతడు తరువాత కొలువు విడిచి ఆచార్యుడయ్యెను. 1887లో క్లీవ్‌లాండు నగరమున మార్లేతో గలసి, భూమి యాకాశమున సాగునపుడు ఈథరు అను సూక్ష్మద్రవ్యమునకును భూమికిని గల సాపేక్షగతిని కనుగొనబూనెను. ఎంత వెదకినను వారి పరికరమున ఆ గతి జాడ కానరాలేదు. తాను వెదకినది దొరకలేదని అతడు లోకమునకు చెప్పెను. 'లేదు' అను ఆ ఫలితము భౌతికశాస్త్రపు పునాదులనే కదలించినది. 1907లో శాస్త్రములందు నోబెలు బహుమానము నందిన తొలి అమెరికనుగ నతడు ప్రసిద్ధికెక్కెను. మొదటి ప్రపంచయుద్ధము వచ్చినపుడు అఱువదేండ్లు దాటిన యా ముదుసలి మఱల నౌకాదళపు దుస్తులు ధరించి, దూరమును నిర్ణయించు యంత్రమును దళమునకు సమకూర్చుటలో పాల్గొనెను. ఉపయోగపడవని మందలించిన విద్యాలయము నేడు తన శాస్త్రభవనములలో నొకదానికి అతని పేరే పెట్టుకొన్నది.

ఈ కథను విని, "చూచితిరా, పెద్దల మాట వినక స్వతంత్రించినవాడే గొప్పవాడైనాడు" అని నిర్ణయించుట సులభము. అది మా యభిప్రాయము కాదు. మైకెల్సను పెద్దలను ధిక్కరింపలేదు. ఓడయెక్కుమన్నపుడు ఎక్కెను, బోధింపుమన్నపుడు బోధించెను. అతడు చేయనొల్లనిది ఒక్కటే: తన కన్ను చూచినదానిని, వినువారి యిష్టము ననుసరించి మార్చి చెప్పుట. ఇచ్చట మాకు పరిష్కారమార్గము కనబడుచున్నది.

మన కావ్యములలో దీనికి మేలైన దృష్టాంత మొకటి కలదు. భారవి కిరాతార్జునీయమును ఆరంభించుట ఒక వేగువాని రాకతో. వనచరుడొకడు బ్రహ్మచారి వేషమున హస్తినాపురమునకు పోయి, దుర్యోధనుడు రాజ్యమును ఏలు తీరును చూచి, ద్వైతవనమున ధర్మరాజునొద్దకు మఱలి వచ్చును. వాడు తెచ్చిన వార్త ప్రభువునకు చేదు: శత్రువు చక్కగా పాలించుచున్నాడు, ప్రజలు సంతుష్టులై యున్నారు, సామంతులు వశులై యున్నారు. వేగువానికంటె విధేయుడైన సేవకు డెవడు? పొమ్మన్నచోటికి పోయినాడు, దాగుమన్నచోట దాగినాడు, ప్రాణమునకు తెగించినాడు. కాని వార్తను తీపిచేసి చెప్పినచో వాని విధేయత యంతయు ద్రోహమై పోయెడిది. ప్రభువు ఆజ్ఞకు సేవకుని కాలుసేతులు లోబడవలెను. సేవకుని కన్ను లోబడరాదు. కన్ను కూడ లోబడినచో ప్రభువే గ్రుడ్డివాడగును. పరిశోధకుడును వేగువానివంటివాడే. తెలియని దేశమునకు పంపుడని దరఖాస్తు పెట్టుకొన్న వేగువాడు.

అనాపొలిస్ విద్యాలయమున గౌరవనియమ మొకటి కలదు: అబద్ధమాడుట, మోసగించుట, దొంగిలించుట విద్యార్థికి తగవు. ఈ నియమము సైనికధర్మమునుండియే పుట్టినది. తుపాకిలో గుండున్నదో లేదో, ఓడ అడుగున నీరున్నదో లేదో, క్రిందివాడు చెప్పిన మాటను నమ్మి పైవాడు నడువవలెను గదా! శాస్త్రధర్మమును ఇదియే. కనుక సైనికుడును పరిశోధకుడును విడిపోవు చోటులు అనేకములున్నను, కలియుచోటు ఇది. ఐనను నియమము గోడపై వ్రాసినంతమాత్రమున మనస్సున నిలువదు. 1992లో ఆ విద్యాలయముననే విద్యుచ్ఛాస్త్ర పరీక్షాపత్రము ముందుగా బయటపడగా, విచారణానంతరము 1994లో ఇరువదినలుగురు విద్యార్థులు వెడలగొట్టబడిరి. తోడివానిని కాపాడుట ధర్మమా, నిజము చెప్పుట ధర్మమా అను చిక్కు అట్టి సమయములందే మనుష్యుని పట్టి యూపును. మైత్రి కూడ విధేయతవంటిదే. అదియు కన్నును మూయబోవును.

ఇతరులను గూర్చి ఇంత వ్రాసిన పిమ్మట మా సంగతియొకటి చెప్పకుండుట న్యాయము కాదు. మేము భాషోపాధ్యాయులము. చాల యేండ్ల క్రిందట మా పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయులు సెలవుపై పోగా, వారి ప్రయోగతరగతిని రెండు దినములు కనిపెట్టుపని మాకప్పగించిరి. పిల్లలు లోలకమును ఊపి, భూమ్యాకర్షణవలన కలుగు త్వరణమును లెక్కించుచుండిరి. ఒక బాలుడు మాకడకు వచ్చి, "మాస్టారండీ, మాకు తొమ్మిదీ పాయింటు రెండే వచ్చిందండీ" అనెను. మాకా విషయమున తెలిసినదంతయు పుస్తకములోని అంకె యొక్కటే. "పుస్తకములో 9.8 అని లేదా? సరిగా చేసి వ్రాయి" అని గద్దించితిమి. వాడు మాఱు పలుకలేదు. పోయి కూర్చుండి, రబ్బరుతో చెరిపి, 9.8 వచ్చునట్లు పై లెక్కలన్నియు వెనుకనుండి దిద్దుకొని తెచ్చెను. మేము సంతోషించి సంతకము చేసితిమి.

సైన్సు ఉపాధ్యాయులు తిరిగివచ్చి ఆ నోటుపుస్తకమును చూచి, చెరిపినచోట కాగితము పలుచబడియుండుట గమనించి బాలుని ప్రశ్నించిరి. తరువాత మాతో నిట్లనిరి: "వీడు దారమును గుండు పైభాగమువఱకే కొలిచినాడు, గుండు నడిమివఱకు కొలువవలెను. దారము పొట్టిది గనుక ఆ కొంచెమే అంత భేదము తెచ్చినది. 9.2 అని ఉంచినయెడల ఈ సంగతి వీనికి జన్మలో మఱపునకు రాకుండెడిది." మేమేమియు పలుకలేకపోతిమి. ఆ దినమున మేము విధేయుని తయారుచేసితిమని తలచి, అబద్ధము వ్రాయ నేర్చినవానిని తయారుచేసితిమి. ఆ బాలుడు చేసినది తప్పుకొలత. మేము చేయించినది తప్పుసాక్ష్యము. మొదటిది దిద్దుకొనదగినది, రెండవది మొదటిదానిని దిద్దుకొనుటకు దారిలేకుండ చేయునది.

పొరపాటు కొలతలను విడిచిపెట్టనే కూడదా యని యడుగవచ్చును. విడువవచ్చును; కాని దానికొక న్యాయము కావలెను. అనాపొలిస్ విద్యాలయపు తొలి యాచార్యులలో నొకడైన విలియం షావెనె, 1863లో ప్రకటించిన ఖగోళగ్రంథమున దీనినే విచారించినాడు. అనేకపరిశీలనలలో ఒకటి తక్కినవానికి మిక్కిలి దూరముగనున్నచో, అంత దూరము పోవుట ఎంత యరుదో లెక్కించి, ఆ లెక్కకు నిలువనిదానినే విడువవలెనని యతని సూత్రము. ఆ సూత్రముపై తరువాతివారికి ఆక్షేపణలు లేకపోలేదు. కాని దాని నీతి గొప్పది: నచ్చలేదని విడువరాదు, ముందుగ నిర్ణయించుకొన్న నియమమువలననే, అందఱికి తెలియునట్లు విడువవలెను.

ఇక రెండవ యాక్షేపణ మొదటిదానికంటె బరువైనది. సైనికవిద్యాలయమున పుట్టిన జ్ఞానము తుదకు చంపుటకే గదా యుపయోగపడునది? అట్టి జ్ఞానమునకై దరఖాస్తు పెట్టుకొనుట ధర్మమా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయ మాకు చేతకాదు. మైకెల్సను కూర్చిన దూరమాపకము ఫిరంగి గుఱికి సాయపడునదే. రేడియో తరంగము పోయి వచ్చిన కాలములో సగమును వెలుతురు వేగముతో గుణించియే రాడారు దూరమును తెలుపును. ఆ రాడారే మంచులో చిక్కిన పడవను ఒడ్డు చేర్చును, అదియే మారణాస్త్రమునకు దారి చూపును. జ్ఞానమున కొక వైపే మొన యుండునట్లు చేయుట యెవనివలనను కాలేదు. త్రిశూలమునకు మూడు మొనలైన నున్నవి!

భారతమున సౌప్తికపర్వపు కథను చదువరులెఱుగుదురు. అశ్వత్థామ బ్రహ్మశిరోస్త్రమును ప్రయోగించెను; దానికెదురుగ అర్జునుడును ప్రయోగించెను. లోకము దగ్ధమగునని మునులు అడ్డుపడి ఉపసంహరింపుమనగా అర్జునుడు ఉపసంహరింపగలిగెను, అశ్వత్థామ తరముగాలేదు. ఇరువురును ఒక్క గురువునొద్దనే అస్త్రమును పొందినవారు. భేదమెచ్చటనన, సత్యవ్రతమును ఇంద్రియనిగ్రహమును గలవానికే ఆ యస్త్రమును మఱలించు శక్తి యుండునట. ఆయుధవిద్యను నేర్చుట ధర్మమా యధర్మమా యని మేము నిర్ణయింపజాలము. ఆ కొలువే వలదని విడిచిపోవు వాని యంతరాత్మకును మేము నమస్కరింతుము. కాని నేర్వదలచినవాడు సత్యవ్రతుడు కాకున్న యెడల, వానికి ప్రయోగమే తెలియును, ఉపసంహారము తెలియదు. "ఈ యస్త్రము మనమనుకొన్నట్లు పనిచేయదు, దీనివలన అమాయకులు చత్తురు" అని ప్రభువుతో చెప్పగలవాడు ఆ దళమున నొకడైనను ఉండవలెనన్నచో, వాడు ఇరువదియవయేటనే 'నాకు తెలియదు' అనియు, 'నేననుకొన్నది తప్పు' అనియు నిర్భయముగ వ్రాయుట నేర్చియుండవలెను. అట్టి విద్యకు ఆ దరఖాస్తు తొలిపాఠమని మేము తలతుము.

ఆ పాఠమునకు దరఖాస్తులోనే ఆపద కూడ పొంచియున్నది. ఎన్నుకొనబడవలెనను కోరికచే విద్యార్థి రాబోవు ఫలితమును ముందే వాగ్దానము చేయును. తన ప్రశ్నను ఉన్నదానికంటె పెద్దదిగ చూపును. ఆచార్యునికి ప్రీతియగునదే తనకును ప్రీతియని వ్రాయును. కావున పరీక్షించు పెద్దలు "ఏమి కనుగొందువు?" అని యడుగక, "నీ యూహ తప్పైనచో అది నీకెట్లు తెలియును?" అని యడుగవలెను. ఈ యొక్క ప్రశ్నకు సూటిగ బదులు వ్రాసినవాడు మార్కులలో రెండడుగులు వెనుకబడినను ఎన్నుకొనదగినవాడు.

దూరదేశపు విద్యాలయముతో మనకేమి పనియని చదువరులు తలంపవచ్చును. మన దేశమునను సైనికవిద్యాలయములు కలవు. ఖడక్‌వాస్లాలోని జాతీయరక్షణ విద్యాలయము 2022లో బాలికలకు తలుపు తెఱచినది. 2025లో పదునేడుగురు యువతులు అచ్చట శిక్షణ ముగించుకొని వెలువడిరి. మన యిండ్లనుండియు అట్టిచోటులకు పిల్లలు పోవుదురు. కాని అంతకంటె దగ్గఱి మాట యొకటి యున్నది. ప్రతి గృహమును ఒక చిన్న దళము. అందును ఆజ్ఞ యిచ్చువారును పాలించువారును కలరు. కుమారుడు పరీక్ష తప్పినానని చెప్పబోవును. కూతురు తనకు కుదిర్చిన సంబంధమున తాను కన్న లోపమును చెప్పబోవును. కోడలు ఇంటి ఖర్చు పెద్దలనుకొన్నట్లు లేదని చెప్పబోవును. మనము మొగము చిట్లించిన తోడనే వారు రబ్బరు తీసికొని చెరిపివేసి, మనకు కావలసిన యంకెను వ్రాసి తెత్తురు. మనము సంతోషించి సంతకము చేయుదుము. పిల్లలు అబద్ధము నేర్చుట చెడుసావాసమువలన నని మనమందుము. నిజము చెప్పినందుకు తినిన చీవాట్లవలననే వారు దానిని ఎక్కువగా నేర్తురు.

వినయమును విడువుడని మేము చెప్పుట లేదు. చెప్పిన పని చేయుట పిల్లలకు నేర్పుడు. చూచినది చూచినట్లు చెప్పుటయు దానితోపాటు నేర్పుడు. రెండును పొసగవని తోచినపుడు రెండవదానినే నిలుపుడు. ఏలయన మొదటిది పోయినచో ఒక పని చెడును. రెండవది పోయినచో చెడినదన్న సంగతియే మనకు తెలియకపోవును.

ఆ బాలు డిప్పుడెచ్చట నున్నాడో మేమెఱుగము. వాడు కనబడినయెడల, తొమ్మిదీ పాయింటు రెండని మఱల వ్రాయుమని యడిగి, దానిక్రింద సంతకము చేయవలెనని మా కోరిక.